చెయ్యి వణకలేదు

"చెయ్యి వణికింది సార్. అంతే" అంది జమున.

ఆ మాట అనడానికి ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు. రేంజ్ ఆఫీసులో కంప్యూటర్ తెర మీద నలభై ఫొటోలు ఒకదాని వెనక ఒకటి కదిలిపోయాయి. అన్నింట్లోనూ ఒకటే దృశ్యం. బూడిదరంగు రాతిగోడ, దాని మీద సున్నం ఒలికినట్టు తెల్లటి చారలు, చారల పైన అరుగులాంటి చోట నల్లటి మసక. ఆ మసక రాబందో, రాతి నీడో, ఎండుపుల్లల కుప్పో తెలియడం లేదు.

కాగజ్‌నగర్‌లో జమునకు ఫొటో స్టూడియో ఉంది. అడవి ఆఫీసువాళ్లు కొన్న పొడుగు లెన్సు కెమెరాను రాబందుల గుట్ట ఎదురుగా స్టాండు మీద బిగించి, అక్కడి కాపలాదారుకు మీట నొక్కడం నేర్పించి వచ్చింది ఆమే. అందుకే రేంజ్ ఆఫీసర్ అరుణ్‌కుమార్ ఆమెను పిలిపించి ఫొటోలు ఎందుకిలా వచ్చాయని అడిగాడు. అడిగినదానికి ఆమె చెప్పింది.

ఆ కాపలాదారు హనుమండ్లు గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర వెలిసిపోయింది. జమున మాట అతనికి వినబడింది. తన రెండు చేతుల వంక ఒకసారి చూసుకుని వెనక్కి కట్టుకున్నాడు.

"పండుకుంటున్నవా అక్కడ?" అన్నాడు అరుణ్‌కుమార్. "రెండు నెలల సంది ఒక్క ఫొటో సక్కగ లేదు."

"పిల్ల ఉన్నది సార్. నా కండ్లతోని చూసిన. తల్లి నోట్లకెల్లి తినవెడ్తున్నది."

"నీ కండ్లకు పిన్ను గొట్టి రిపోర్టుతోని పంపాల్నా? శనివారం పంపాలె నేను. గూడుల పిల్ల లేదని రాస్తే కాపలా ఎత్తేస్తరు. గుట్ట వెనక ఆగిన కంకర పని మళ్ల సురువైతది. తెలుసా నీకు?"

"తెలుసు సార్. గందుకే చెప్తున్న, పిల్ల ఉన్నది."

అరుణ్‌కుమార్ తెర మీది ఫొటోలు మూసేశాడు. అతను చెడ్డవాడు కాదు. కోపం కూడా పెద్దగా రాలేదు. అందుకే ఆ తర్వాత అన్నది ఇంకా చల్లగా వినిపించింది. "రేపటి సంది నువ్వు డ్యూటీకి రాకు. మేడమే మూడు దినాలు కూసొని తీస్తది. నువ్వు దారి చూపియ్యి, చాలు."

"అట్లనే సార్" అన్నాడు హనుమండ్లు.

మెట్లు దిగాక జమున అతని కోసం ఒక క్షణం ఆగింది. అతను ఆమె ముఖం వైపు చూడలేదు. "పొద్దుగాల ఐదున్నర బస్సు మేడం. మా ఊరి స్టేజీ కాడుంట" అని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు గురువారం. హనుమండ్లు ఊరి దగ్గర జమున బస్సు దిగాక, ఇద్దరూ పత్తికట్టెలు ఇంకా పీకని చేలగట్ల మీద అరగంట నడిచారు. స్టాండు హనుమండ్లు భుజాన ఉంది. కెమెరా పెట్టె జమున మోసింది. వాగు గట్టున నాలుగు గుంజల మీద రెల్లుగడ్డి కప్పిన పందిరి. వాగుకు అవతల, రెండు వందల యాభై మీటర్ల దూరంలో గుట్ట నిలువుగా లేచి ఉంది.

పందిరి కింద నేల ఊడ్చి ఉంది. స్టాండు మూడు కాళ్లు ఆనే చోట మూడు చదును రాళ్లు పాతి ఉన్నాయి. వాటి మధ్య గుంతలు పడి, స్టాండు కాలు పెట్టగానే కదలకుండా కూర్చుంది. జమున ఆ రాళ్లను చూసింది. అవి తను పాతించినవి కావు.

లెన్సు మోచేయంత పొడుగు. దాన్ని స్టాండుకు బిగించి, కెమెరా తనంతట తాను ఫోకస్ వెతుక్కోకుండా మీట పక్కకు జరిపింది. అడ్డుగా కొమ్మలుంటే కెమెరా గూడును వదిలి కొమ్మను పట్టుకుంటుంది కనక చేతితోనే ఫోకస్ పెట్టాలి. వెనక తెర మీద గూడును పదింతలు పెద్దది చేసి, లెన్సు ముందుభాగంలోని వెడల్పాటి రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పింది. మసక కరిగి, పుల్ల మీద పుల్ల విడివిడిగా తేలింది. గూటిలో తల్లి పక్షి కూర్చుని ఉంది. మెడ చుట్టూ తెల్లటి నూగు, కిందికి వంగిన పొడుగు ముక్కు.

జమున కెమెరాను తాకకుండా తీగ చివరి మీట నొక్కుతూ ఇరవై ఫొటోలు తీసింది. పక్షి కదల్లేదు.

ఎనిమిదిన్నరకు వాగు ఇసుక మీదుగా దుమ్ముగాలి లేచింది. జమున సంచిలోంచి లెన్సు ముసుగు తీసి తొడిగింది. రెయిన్‌కోటు గుడ్డతో ఆమే కుట్టి కెమెరాతోపాటే హనుమండ్లుకిచ్చిన ముసుగు. అంచుకు గట్టి ఎలాస్టిక్. గాలి తగ్గాక ముందుభాగం తెరిచి మళ్లీ తీయడం మొదలుపెట్టింది.

హనుమండ్లు పది అడుగుల అవతల గొంతుకూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి, "ఇగ లేస్తది" అన్నాడు.

"ఎట్ల తెలుసు?"

"మెడ సాపింది జూడు."

పక్షి లేచింది. రెండు రెక్కలూ విప్పి గుట్ట అంచు నుంచి గాలిలోకి ఒరిగింది. దాని వెనక బూడిదరంగుది ఏదో కదిలినట్టయింది. జమున ఆపకుండా నొక్కింది. నిమిషం తర్వాత తెర మీద చూద్దామంటే ఎండ పడి ఏమీ కనబడలేదు.

"వచ్చిందా మేడం?" అన్నాడు హనుమండ్లు.

"వచ్చే ఉంటది."

ఊళ్లో ఉండటానికి హనుమండ్లు ఇల్లు తప్ప ఇంకో చోటు లేదు. మధ్యాహ్నం దాటాక అక్కడికి చేరారు. అతని భార్య గంగుబాయి గడపలోనే చెంబుతో నీళ్లిచ్చింది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల కారం పళ్లెంలో పెట్టి తెచ్చింది. ఒక్క మాట మాట్లాడలేదు. మొగుడి పళ్లెం చప్పుడయ్యేట్టు పెట్టి లోపలికి పోయింది. తన మీద కోపమేనని జమున అనుకుంది.

తిన్నాక చావిట్లో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. మొదటి ఇరవై ఫొటోలు అద్దంలా ఉన్నాయి. ఇరవై ఒకటో ఫొటో నుంచి అన్నీ మసక. పక్షి లేచినప్పటివి కూడా. రెక్కలున్న చోట రెండు నల్లటి మరకలు, వాటి వెనక బూడిద మరక. నిన్న ఆఫీసులో చూసిన మసక, అచ్చంగా అదే.

ఎండ సెగ అనుకుందామంటే టైము ఎనిమిదీ యాభై. సెగ లేచే వేళ కాదు. చెయ్యి వణికిందా అంటే అసలు కెమెరా మీద చెయ్యే లేదు.

ఆమె ఫొటోను పెద్దది చేసి అంచులు వెతికింది. కింద ఎడమ మూలన, పందిరికి ముప్పై అడుగుల దూరంలో ఉన్న తునికి చెట్టు కొమ్మ ఒకటి అడ్డం వచ్చింది. దాని చివర ఎర్రటి చిగురు. చిగురాకు ఈనెలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. ఈనె మీద చీమ కూడా కనబడుతోంది.

ఆఫీసులో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్న హనుమండ్లు ఫొటోలు తెరిచింది. మొదటిది పెద్దది చేసింది, ఎడమ మూలకు పోయింది. తునికి కొమ్మ. అప్పటికి ఆకు రాలి మోడుగా ఉంది. బెరడు మీద పగుళ్లు కత్తితో గీసినట్టున్నాయి. రెండోది చూసింది. మూడోది చూసింది. నలభై చూసింది. నలభైలోనూ గూడు మసక, కొమ్మ స్పష్టం.

చెయ్యి వణికితే కొమ్మ కూడా చెదిరిపోవాలి. వణకలేదు. ఎవరో ఫోకస్‌ను గుట్ట మీద నుంచి తెచ్చి కొమ్మ మీద పెట్టినట్టుంది.

వాకిట్లో హనుమండ్లు గొడ్డలికి పిడి బిగిస్తున్నాడు. జమున లేవబోయి, మళ్లీ కూర్చుంది. ఎందుకు జరిగిందో తెలియకుండా ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

శుక్రవారం పొద్దున ఏడింటికల్లా పందిరి కింద ఉన్నారు. జమున గూటి మీద ఫోకస్ పెట్టి, చేతులు వెనక్కి తీసుకుని, కెమెరా వంక చూస్తూ నిలబడింది.

"తీస్తలేవా మేడం?"

"నిన్న ముందుగాల తీసినయి మంచిగొచ్చినయి. తర్వాతయి రాలే. నడుమల నేనేం జేసిన?"

హనుమండ్లు ఆలోచించనైనా ఆలోచించలేదు. "గౌను తొడిగినవు."

జమున సంచిలోంచి ముసుగు తీసింది. ఈసారి లెన్సు పక్కకు వంగి, రింగు మీద తను మొదట్లో గీసిన తెల్లటి గీతను చూస్తూ తొడిగింది. ఎలాస్టిక్ అంచు రింగు మీదికి వచ్చి బిగుసుకుంది. గుడ్డను వెనక్కి లాగిన కొద్దీ ఎలాస్టిక్‌తోపాటు రింగూ తిరిగింది. తెల్లగీత చిటికెన వేలు వెడల్పున పక్కకు జరిగింది.

తీసి మళ్లీ తొడిగింది. మళ్లీ జరిగింది. మూడోసారి తొడగకుండానే ముసుగును చేతిలో ముద్ద చేసి పట్టుకుంది.

"ఫోన్ల చెప్పిన గద మేడం" అన్నాడు హనుమండ్లు. గొంతులో నిష్ఠూరం లేదు, గుర్తు చేస్తున్నట్టు అన్నాడు. "జనవరిల. గౌను తొడిగి తీసినంక మసక గొడ్తున్నదని."

ఆమెకు గుర్తుకొచ్చింది. సిర్పూరులో ఏదో పెళ్లి. బ్యాండు మోత. చెవికి ఫోను అదిమిపెట్టి, "ముసుగు మాత్రం తియ్యకు, దుమ్ము వడితే లెన్సు ఖరాబైతది, ఎప్పుడు తొడిగే ఉంచు" అని గట్టిగా అరిచింది తనే. అతను ఏం చెప్పాడో పూర్తిగా వినను కూడా లేదు.

"మరి రింగు కొద్దిగ తిప్పి చూడకపోయినవా?"

"ముట్టొద్దన్నవు గద. గీత గీసి మరీ చెప్పినవు, రింగు మాత్రం ముట్టొద్దు హనుమండ్లూ అని. నేను ముట్టలే."

జమున వాగు వైపు తిరిగింది. అవతల గుట్ట మీద తల్లి పక్షి ఈకలు సరిచేసుకుంటోంది. చెప్పినవన్నీ అతను చేశాడు. ముసుగు తియ్యలేదు, రింగు ముట్టలేదు, రోజూ పొద్దున్నే వచ్చి మీట నొక్కాడు. నేర్పవలసిన ఒక్కటి తను నేర్పలేదు. తీసేముందు తెర మీద పెద్దది చేసి చూసుకోవాలని చెప్పలేదు. అది చెబితే అర్థం చేసుకోడని ఆ రోజు తనంతట తానే అనుకుంది.

"బ్లేడుందా?" అంది.

అతను గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చిచ్చాడు. ఆమె ముసుగు అంచున కుట్లు విప్పి ఎలాస్టిక్ మొత్తం లాగేసింది. గుడ్డ వదులుగా వేలాడింది. దాన్ని లెన్సు మీద తువ్వాలులా కప్పి, తాడు మాత్రం లెన్సు కింద స్టాండుకు బిగించే ఇనుప పట్టీకి కట్టింది. పందిరిలో సోలార్ దీపం వైరుకు చుట్టగా మిగిలిన నల్ల టేపు ఉంటే తీసుకుని, ఫోకస్ కుదిరాక రింగుకూ గొట్టానికీ కలిపి రెండుచోట్ల అంటించింది. పక్కనున్న మీట వేలు తగిలి జరగకుండా దాని మీద చిన్న ముక్క వేసింది. జూమ్ జారకుండా తాళం నొక్కింది.

"ఇగ నువ్వు జెయ్యి" అంది, టేపులన్నీ పీకేసి, రింగును కావాలని గిర్రున తిప్పేసి.

హనుమండ్లు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తెర మీద గూడును పెద్దది చేశాడు. రింగు మీద రెండు వేళ్లు పెట్టి తిప్పాడు. దాటిపోయింది. వెనక్కి తిప్పాడు.

"ఎడమ చెయ్యి ముందట పెట్టకు. లెన్సును పట్టుకోవాల్నంటే కింద పట్టీ కాడ పట్టుకో. ముందట పట్టుకుంటే రింగు కదుల్తది."

అతను చెయ్యి కిందికి జరిపాడు. మూడోసారికి పుల్లలు విడివిడిగా తేలాయి. టేపు అంటించాడు. ముసుగు కప్పి తీసి, మళ్లీ పెద్దది చేసి చూశాడు. ఫోకస్ కదల్లేదు.

"గింతేనా?" అన్నాడు.

"గింతే."

అతను టేపు చుట్టను పందిరి గుంజకు తగిలించాడు. జమున అతను ఏదైనా అంటే బాగుండునని ఎదురుచూసింది.

అప్పటికే పది దాటింది. వాగు మీద గాలి సెగలుగా ఊగుతోంది, గుట్ట నీళ్లలో ఉన్నట్టు కదులుతోంది. ఆ పూటకు ఇక లాభం లేదు. మిగిలింది శనివారం పొద్దున ఒక్కటే.

శనివారం సూర్యుడు గుట్ట మీద పడేసరికి కెమెరా సిద్ధంగా ఉంది. ఫోకస్ హనుమండ్లే పెట్టాడు. రాత్రి చలికి లెన్సు కొద్దిగా మారుతుంది కనక నిన్నటి గీతను నమ్మొద్దని, పొద్దున్నే మళ్లీ చూసుకోవాలని జమున చెప్పింది. అతను రెండుసార్లు చూసుకుని టేపు అంటించి, తీగ మీట ఆమెకు అందించాడు.

"నువ్వే నొక్కు" అంది జమున.

"సారు నిన్ను తియ్యమన్నడు."

"అది ఎప్పుడు లేస్తదో నీకెరుక. నాకెరుక లేదు."

అతను మీట తీసుకుని గొంతుకూర్చున్నాడు. కళ్లు తెర మీద లేవు, గుట్ట మీదున్నాయి. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. జమున కాళ్లు తిమ్మిరెక్కి ఒకసారి లేచి మళ్లీ కూర్చుంది. అతను కదల్లేదు. ఏడున్నరకు ఆకాశంలో ఇంకో రాబందు రెక్కలు ఆడించకుండా చుట్టు తిరిగి వచ్చి గూటి పక్కన వాలింది. "తండ్రి" అన్నాడు హనుమండ్లు పెదవులు కదిలించీ కదిలించకుండా. తల్లి మెడ చాపింది. అతని బొటనవేలు మీట మీద బిగిసింది.

తల్లి ఎగిరింది. గూట్లోంచి సన్నటి మెడ ఒకటి పైకి లేచింది. నల్లటి చిన్న ముక్కు, ఒంటి నిండా దూది అంటించినట్టు బూడిద నూగు. అది తండ్రి ముక్కు వైపు నోరు తెరిచింది. కెమెరా టకటకమని కొట్టుకుంది.

ఈసారి జమున ముసుగు గుడ్డను తల మీదుగా కప్పుకుని ఆ చీకట్లో తెర చూసింది. నూగు పోచలు ఒక్కొక్కటీ కనబడ్డాయి. ఆమె పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది. హనుమండ్లు గుడ్డ కింద తల పెట్టి చాలాసేపు బయటికి రాలేదు.

పన్నెండు గంటలకు రేంజ్ ఆఫీసులో అరుణ్‌కుమార్ ఆ ఫొటో చూసి కుర్చీలోంచి లేచాడు. "శభాష్! మూడు దినాలల్ల తెచ్చినవు. ఇగ రిపోర్టు రాస్త. ఫొటో నువ్వు తీసినవని పేరేస్త."

"తీసింది హనుమండ్లు సార్."

"ఏ హనుమండ్లు? తీసేసినోడు తీసిండని ఎట్ల రాస్త?"

జమున ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది. నలభై ఫొటోల్లోంచి నాలుగు తెరిచి, మూలనున్న తునికి కొమ్మను పెద్దది చేసి చూపించింది. "బుధవారం నేనన్న మాట తప్పు సార్. ఆయన చెయ్యి వణకలే. నేను కుట్టిచ్చిన ముసుగు రింగును తిప్పింది. రింగు ముట్టొద్దని చెప్పింది గూడ నేనే. మసక గొడ్తున్నదని ఆయన ఫోన్ జేస్తే నేను వినలే."

అరుణ్‌కుమార్ కొమ్మ వంక, ఆమె వంక చూశాడు. "సరే, అయిపోయిందేదో అయిపోయింది. ఫొటో వచ్చింది గద. పాతది తవ్వుడెందుకు?"

"ఆయనను తీసేసినట్టు కాగితం మీద ఉన్నది గద సార్. ఇదిగూడ కాగితం మీదనే ఉండాలె."

"నువ్వు గిట్ల రాసిస్తే రేపు మా ఆఫీసు పని నీ స్టూడియోకు ఇయ్యాల్నంటే పైవాళ్లు అడుగుతరు. సోచాయించుకో."

"సోచాయించిన సార్" అంది జమున.

అతను సొరుగులోంచి తెల్లకాగితం తీసిచ్చాడు. ఆమె అక్కడే, బల్ల మూలన నిలబడి రాసింది. ఎనిమిది వాక్యాలయ్యాయి. అరుణ్‌కుమార్ రెండుసార్లు చదివాడు, పెన్ను మూత తీసి పెట్టాడు, చివరికి కింద ఏదో రాసి సంతకం చేశాడు. "సోమవారం సంది డ్యూటీకి రమ్మను" అన్నాడు. హనుమండ్లు గుమ్మంలోనే ఉన్నా, ఆమెతోనే అన్నాడు.

బస్టాండులో హనుమండ్లు, "మా ఇంటికి ఒక్కసారి వస్తవా మేడం? సాయంత్రం బస్సుకు తిరిగి రావచ్చు" అని అడిగాడు. ఎందుకో చెప్పలేదు. జమున అతని వెంట బస్సెక్కింది.

వాళ్లు చేరేసరికి ఎండ వాలుతోంది. గంగుబాయి వాకిట్లో కందిపప్పు చెరుగుతోంది. మొగుణ్ని చూసి చేట ఆపలేదు. అతను చెప్పులు విడిచి, జలదారి దగ్గర తొట్టిలోంచి నీళ్లు ముంచుకుంటూ, "ఆమెకు చెప్పు మేడం. నేను చెప్తే వినది" అన్నాడు.

జమున చేట పక్కన కూర్చుని చెప్పింది. ఎలాస్టిక్, రింగు, కొమ్మ, ఫోను, అన్నీ. తను ఆఫీసులో అన్న మాట కూడా దాచలేదు. గంగుబాయి చేతులు చేటలోనే ఉండిపోయాయి. పప్పులో నుంచి ఒక రాయి ఏరి, పారేయకుండా వేళ్ల మధ్య పట్టుకుంది.

"పండుకుంటున్నడని ఆఫీసుల అన్నరంట. ఊరంత అదే మాట. తాగి పండుకున్నడనుకున్న" అంది. "చెయ్యి వణుకుతున్నదని నువ్వే అన్నవంటే ఇగ నమ్మిన. చదువుకున్న మనిషివి, కెమెరా ఎరికైన మనిషివి. మూడు దినాల సంది నేను ఈయనతోని మాట్లాడ్తలే."

మొన్న చప్పుడైన పళ్లెం తన కోసం కాదని జమునకు అప్పుడు తెలిసింది.

గంగుబాయి ఆమె ముఖంలోకి చూసింది. "ఇదంత ఆయనకు చెప్పినవా?"

"చెప్పిన. ఆఫీసుల రాసి గూడ ఇచ్చిన."

"ఆఫీసుకు గాదు బిడ్డా. రింగు సంగతి గాదు. ఆయన మొకం జూసి, తప్పైందని చెప్పినవా?"

జమున గుర్తు చేసుకుంది. టేపు ఎలా అంటించాలో చెప్పింది. చెయ్యి ఎక్కడ పెట్టాలో చెప్పింది. అరుణ్‌కుమార్‌కు చెప్పింది, కాగితానికి చెప్పింది. పందిరి కింద రెండు పొద్దులు పక్కపక్కనే కూర్చున్నా ఆ ఒక్క మాట చెప్పలేదు. అతను ఏమీ అనడం లేదని తనే ఎదురుచూస్తూ కూర్చుంది.

లేచి జలదారి దగ్గరికి పోయింది. హనుమండ్లు ఒక కాలు కడుక్కుని రెండో కాలు మీద నీళ్లు పోయబోతున్నాడు.

"తప్పైంది, అన్నా" అంది. "చూడకుంట ఆ మాటన్న."

అతను తలెత్తాడు. చెంబు చేతిలోనే ఉంది. ఏదో సర్దిచెబుతాడనుకుంది, పోనీలే మేడం అంటాడనుకుంది. అతను అలా అనలేదు.

"ఔ" అన్నాడు. "జర చూసి అనాల్సింది." నీళ్లు కాలి మీద పోసుకున్నాడు.

ఆ మాటతో జమునకు గుండెల్లో ఏదో కుదురుకున్నట్టయింది. అక్కడే నిలబడింది. వెనక నుంచి గంగుబాయి లేచి వచ్చింది. దండెం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుంది. మొగుడికి ఇవ్వకుండా, జమున వైపు తిరిగింది.

"నేను గూడ ఒక మాట చెప్పేదున్నది ఈయనకు" అంది. "నువ్వు జర లోపటికి పో బిడ్డా."

జమున లోపలికి పోయి, వాకిలి వైపు వీపు పెట్టి కూర్చుంది.